పొమ్మనలేక పొగబెట్టే స్వైప్ కార్డు

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, టీసీఎస్ ఒక లెక్క ప్రకటించింది. 2025 నాటికి ఏ సమయంలో చూసినా తమ ఉద్యోగుల్లో 25 శాతం మంది ఆఫీసులో ఉంటే చాలు, ఒక్కొక్కరూ తమ పనివేళల్లో 25 శాతం అక్కడ గడిపితే చాలు అన్నది ఆ లెక్క. '25 బై 25' అని దానికి పేరు కూడా పెట్టారు. 2025 రానే వచ్చింది. అప్పటికి అదే కంపెనీలో వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావలసిందే. హాజరు తగ్గితే వేరియబుల్ పేలో, అంటే స్థిర జీతానికి తోడు మారుతూ వచ్చే భాగంలో, కోత. ఏడాదికి 35 రోజులకు మించి బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, కూర్చోకూడదన్న నిబంధన జూన్‌లో అమలులోకి వచ్చింది. జులై ఆఖరులో రెండు శాతం సిబ్బందిని, అంటే 12 వేలకు పైగా మందిని పంపించేస్తున్నట్టు ప్రకటన వెలువడింది.

పత్రికలకు ఇవి వేర్వేరు వార్తలు. ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం మొదటినుంచీ ఒకటే వార్త. ఆ గ్రూపుల్లో వదంతుల పాలు ఎక్కువే అయినా, ఈ విషయంలో వాళ్ల చూపే సరైనది. ఆఫీసుకు రమ్మనే ఉత్తర్వులో రాసి ఉండేది పనిచేసే చోటు గురించి. అది తేల్చేది మాత్రం ఉద్యోగం మీద ఎవరి పట్టు ఎంతన్న సంగతి. కొలువులకు గిరాకీ ఉన్నంతకాలం ఇలాంటి ఉత్తర్వులు మెయిల్ దాటి రాలేదు. గిరాకీ పడిపోయాక గేటు దగ్గర స్వైప్ మెషీన్‌కు ఎక్కడలేని బలం వచ్చింది.

అట్రిషన్ దిగాక వచ్చిన క్రమశిక్షణ

2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్ అట్రిషన్ 28.4 శాతం. అంటే ఏడాదిలో నూటికి ఇరవై ఎనిమిది మంది కంపెనీ వదిలిపోతున్నారు. అదే ఏడాది సెప్టెంబరు నాటికి టీసీఎస్‌లో అది 21.5 శాతానికి చేరింది. చేతిలో రెండు మూడు ఆఫర్ లెటర్లు పెట్టుకుని, నోటీస్ పీరియడ్ నడుస్తుండగానే ఇంకో చోట బేరమాడినవాళ్లు ఆ రోజుల్లో హైదరాబాద్ నిండా ఉన్నారు. కరీంనగర్‌లోనో భీమవరంలోనో అమ్మానాన్నల దగ్గర ఉంటూ, మేడ మీది గదిలో ఫైబర్ కనెక్షన్ పెట్టించుకుని పనిచేస్తున్న కుర్రాణ్ని 'వచ్చి సీట్లో కూర్చో' అని గట్టిగా అడిగే ధైర్యం ఏ మేనేజర్‌కూ లేదు. అడిగితే మర్నాడే పేపర్ వేస్తాడు, అంటే రాజీనామా ఇచ్చేస్తాడు. అతని స్థానంలో వచ్చేవాడికి అంతకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి.

తర్వాత కథ మారింది. అమెరికాలో 2022 మార్చి దాకా సున్నాను ఆనుకుని ఉన్న వడ్డీ రేటు 2023 జులై నాటికి 5.25–5.5 శాతానికి ఎక్కింది. చవక అప్పుల మీద నడిచిన విస్తరణ ఆగిపోయింది. మెటా 2022 నవంబరులో 11 వేల మందిని, నాలుగు నెలలకే మరో 10 వేల మందిని తీసేస్తామంది. 2023 జనవరిలో గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు. అమెజాన్ రెండు విడతల్లో 27 వేలు. టెక్ కోతల లెక్క రాసే లేఆఫ్స్ డాట్ ఎఫ్‌వైఐ ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచమంతా కలిపి 2.6 లక్షల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. క్లయింట్లు చేతులు ముడుచుకోవడంతో మన సర్వీసు కంపెనీలకు వచ్చే ప్రాజెక్టులూ నెమ్మదించాయి. అట్రిషన్ దిగింది. ఆఫర్ లెటర్ వచ్చినా జాయినింగ్ డేట్ ఎప్పుడో తెలియని కాలం మొదలైంది.

హాజరు ఉత్తర్వులు గట్టిపడింది సరిగ్గా అప్పుడే. 2023 మేలో అమెజాన్ మూడు రోజులు రమ్మంది. జూన్‌లో గూగుల్, పనితీరు మదింపులో హాజరును కూడా చూస్తామంది. సెప్టెంబరులో మెటా మూడు రోజులు, అక్టోబరులో టీసీఎస్ ఐదు, నవంబరులో విప్రో మూడు. వీడియో మీటింగుల మీదే బతికే జూమ్ కూడా ఆగస్టులో తన ఆఫీసులకు 50 మైళ్ల లోపు ఉన్నవాళ్లను వారానికి రెండు రోజులు రమ్మని పిలిచింది. ఇంటి పని వల్ల ఉత్పాదకత పడిపోయిందని 2023లో కొత్తగా బయటపడిందేమీ లేదు. అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్ అప్పటిదాకా ఎన్నడూ చూడని లాభాలు కళ్లజూసింది 2021లో, ఆఫీసు ఉద్యోగులు ఇళ్ల నుంచి పనిచేస్తున్నప్పుడే. ఈ రెండేళ్లలో తగ్గింది పేపర్ వేసే ధైర్యం.

పాత ఉదాహరణలూ ఇదే చెబుతాయి. ఇంటి నుంచి పని ఐబీఎంలో దశాబ్దాల అలవాటు. 2009లో తమ 3.86 లక్షల మంది ఉద్యోగుల్లో 40 శాతానికి ఆఫీసే లేదని ఆ కంపెనీ గొప్పగా చెప్పుకుంది. వేలమందిని మళ్లీ ఆఫీసులకు పిలిచింది 2017లో, దాదాపు ఐదేళ్లపాటు వరుసగా ఆదాయం తగ్గుతూ వచ్చాక. యాహూలో మరిస్సా మేయర్ 2013లో ఇంటి పని రద్దు చేసేటప్పటికి ఆ కంపెనీ గూగుల్ ముందు చతికిలపడి చాలాకాలమైంది. బాగా నడుస్తున్న రోజుల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారని ఏ కంపెనీ అడగదు.

రాజీనామా చవక

2024 సెప్టెంబరు 16న అమెజాన్ సీఈఓ ఆండీ జస్సీ ఉద్యోగులకు రాసిన లేఖలో రెండు నిర్ణయాలున్నాయి. 2025 జనవరి 2 నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసులోనే అన్నది అందరూ మాట్లాడుకున్నది. అంతగా ఎవరూ పట్టించుకోని రెండోది: ఒక్కో విభాగంలో మేనేజర్లతో పోలిస్తే మామూలు ఉద్యోగుల నిష్పత్తి 2025 మార్చి ఆఖరుకు కనీసం 15 శాతం పెరగాలి. కొత్త నియామకాలు పెద్దగా లేనప్పుడు ఆ నిష్పత్తి పెరగాలంటే మేనేజర్లు తగ్గాలి. తగ్గించే మార్గాలు రెండే: తీసేయడం, వాళ్లంతట వాళ్లే వెళ్లేలా చూడడం. రెండు నిర్ణయాలూ ఒకే లేఖలో ఉండడం యాదృచ్ఛికమని నమ్మడం కష్టం. ఇది దొడ్డిదారి లేఆఫ్ కాదని, ఖర్చు తగ్గించుకునే ఎత్తు అసలే కాదని జస్సీ ఆ తర్వాత ఉద్యోగుల సమావేశంలో చెప్పారు. ఆయన క్లౌడ్ విభాగాధిపతి మ్యాట్ గార్మన్ మాత్రం, ఈ పద్ధతి నచ్చనివాళ్లకు వేరే కంపెనీలు ఉన్నాయని అక్టోబరులో తేల్చేశారు.

కంపెనీల మనసులో ఏముందో బయటివాళ్లకు తెలియదు. లెక్కల పుస్తకం మాత్రం కనిపిస్తుంది. టీసీఎస్ 2025 సెప్టెంబరు త్రైమాసిక ఫలితాల్లో, ఉద్యోగులను పంపించేయడానికి అయిన ఖర్చు కింద 1,135 కోట్ల రూపాయలు చూపింది. ఆ మూడు నెలల్లో సిబ్బంది సంఖ్య 19,755 తగ్గి 5,93,314కు వచ్చింది. ఆ తగ్గుదలలో కంపెనీ పంపినవాళ్లూ ఉన్నారు, తమంతట తాము వెళ్లినవాళ్లూ ఉన్నారు. పరిహారం దక్కేది మొదటి రకానికే. రెండో రకం వాళ్లు నోటీస్ పీరియడ్ పూర్తి చేయకపోతే ఎదురు వాళ్లే కట్టి పోవాలి.

అమెరికాలో ఇంకో లెక్క ఉంది. 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం వంద మంది, ఆపై ఉన్న సంస్థ పెద్దఎత్తున ఉద్యోగాలు తీసేయాలంటే 60 రోజుల ముందు ఉద్యోగులకూ రాష్ట్ర ప్రభుత్వానికీ నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసులు బహిరంగం. విలేకరులు వాటి కోసం కాచుకుని ఉంటారు. రోజూ రెండు గంటల ప్రయాణం భరించలేక, పిల్లల బడి వేళలు కుదరక ఒక్కొక్కరుగా వెళ్లిపోయినవాళ్లు ఏ నోటీసులోనూ ఎక్కరు. 2023లో అమెజాన్ కొందరిని సియాటిల్ లాంటి ప్రధాన నగరాలకు మకాం మార్చమంది. మారనివాళ్లను 'స్వచ్ఛందంగా రాజీనామా చేసినవారి' కింద జమ కడతారని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ 'స్వచ్ఛందం'లో స్వచ్ఛందం ఎంతో ఎవరికి వారే అనుకోవాలి.

ఇది ఉద్యోగుల అనుమానం మాత్రమే అనుకోవడానికీ లేదు. అమెరికాలో బ్యాంబూహెచ్ఆర్ సంస్థ 2024లో చేసిన సర్వేలో వైస్ ప్రెసిడెంట్, ఆపై స్థాయి వారిలో నాలుగోవంతు మంది, ఆఫీసుకు రమ్మంటే కొందరు తమంతట తాము మానేస్తారని ఆశించామని ఒప్పుకున్నారు. హెచ్ఆర్ వాళ్లలో అలా ఒప్పుకున్నది 18 శాతం. అదే ఏడాది నవంబరులో ట్రంప్ ప్రభుత్వంలో ఖర్చు తగ్గించే పని చేపట్టబోతున్న ఎలాన్ మస్క్, వివేక్ రామస్వామి అసలు దాపరికమే లేకుండా పత్రికలో రాశారు: ఫెడరల్ ఉద్యోగులను ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంటే పెద్దసంఖ్యలో మానేస్తారు, అది తమకు సంతోషమేనని. కార్పొరేట్ లేఖల్లో సహకారం, సంస్కృతి, నవకల్పన అనే మాటల వెనుక ఉండే విషయాన్ని వాళ్లు పైకి అనేశారు. పొమ్మనలేక పొగబెట్టడం తెలుగువాళ్లకు కొత్త సంగతేమీ కాదు.

తలుపు దగ్గర ఉన్నవాళ్లు

పొగతో ఒక చిక్కుంది. ముందు బయటపడేది తలుపు దగ్గర ఉన్నవాళ్లే. కంపెనీ ఎవరిని వదిలించుకోవాలనుకుంటుందో వాళ్లే వెళతారన్న హామీ లేదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ మా బృందం అమెరికాలోని పెద్ద టెక్, ఆర్థిక సంస్థల ఉద్యోగుల లింక్డ్‌ఇన్ వివరాలను జల్లెడ పట్టింది. హాజరు ఉత్తర్వుల తర్వాత ఎక్కువగా వెళ్లిపోయింది మహిళలు, సీనియర్లు, నైపుణ్యం ఎక్కువ ఉన్నవాళ్లు అని తేలింది. ఖాళీలు నింపడానికి పట్టే సమయమూ పెరిగింది. ఆఫీసుకు రప్పించినందువల్ల కంపెనీల ఆర్థిక ఫలితాలు మెరుగుపడిన దాఖలా లేదని అదే బృందం అంతకుముందు చేసిన అధ్యయనం చెప్పింది.

డెల్ ఇంకాస్త తెలివిగా వెళ్లాలని చూసింది. 2024లో ఉద్యోగులకు రెండు దారులు పెట్టింది: కొన్ని రోజులు ఆఫీసుకు వచ్చే హైబ్రిడ్, లేదా పూర్తిగా ఇంటి నుంచి. రెండోది ఎంచుకుంటే ప్రమోషన్ ఉండదు. అమెరికాలోని సిబ్బందిలో దాదాపు సగం మంది, ప్రమోషన్ లేకపోయినా పర్వాలేదని ఇల్లే కోరుకున్నట్టు వార్తలు వచ్చాయి. ఆ సమాధానం కంపెనీకి రుచించినట్టు లేదు. 2025 మార్చి 3 నుంచి ఆఫీసుల దగ్గర్లో ఉన్నవాళ్లంతా ఐదు రోజులూ రావాలని మైకేల్ డెల్ రాశారు.

ఇక తలుపే లేనివాళ్లు ఉన్నారు. హెచ్‌-1బి వర్క్ వీసా మీద రెడ్‌మండ్‌లోనో డాలస్‌లోనో ఉన్న తెలుగు కుటుంబానికి ఈ ఉత్తర్వు వేరే భాషలో వినిపిస్తుంది. ఉద్యోగం పోయినా, తనంతట తాను మానేసినా, కొత్త యజమాని దొరకడానికి గరిష్ఠంగా 60 రోజులు. పనిచేసే చోటు వీసా కాగితాల్లో రాసి ఉంటుంది. ఆ మెట్రో ప్రాంతం దాటి మకాం మారితే పిటిషన్ సవరించాలి. గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఉన్నవాళ్లకు ఇంకో ముడి. ఆ పనికి అర్హుడైన అమెరికన్ దొరకలేదని కంపెనీ చూపించాలి. పక్క క్యూబికల్‌లో అమెరికన్లను తీసేస్తూ ఆ మాట చెప్పడం ఎలా? గూగుల్, అమెజాన్ రెండూ 2023లో ఆ దరఖాస్తులను ఆపేశాయి. లేఆఫ్‌లో పేరు లేనివాడి జీవితం కూడా అలా నిలిచిపోయింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము వచ్చాక, ఇండియా వెళ్లి మళ్లీ వద్దామనుకునే దారీ ఇరుకైంది. ఇలాంటివాళ్లు ఏ ఉత్తర్వుకైనా తలూపుతారు. ఐదు రోజులంటే ఐదు, ఆరంటే ఆరు. ఆ మౌనాన్ని హాజరు నివేదికలు ఆమోదంగా లెక్కగడతాయి.

ఈ ఉత్తర్వులకు అంతుపట్టని మినహాయింపులూ పుడుతుంటాయి. 2025 డిసెంబరులో సోషల్ మీడియా తనిఖీల పేరుతో హైదరాబాద్, చెన్నై కాన్సులేట్లలో వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి వెళ్లాయి. పెళ్లికో, పెద్దవాళ్లను చూడడానికో వచ్చినవాళ్లు ఇక్కడే చిక్కుపడ్డారు. ఐదు రోజుల నియమం విషయంలో పట్టుబట్టిన అమెజాన్, వాళ్లను మార్చి దాకా ఇండియా నుంచే పనిచేయనిస్తామంది. అయితే కోడ్ రాయకూడదు, టెస్ట్ చేయకూడదు, ముఖ్యమైన నిర్ణయాలు తీసుకోకూడదు అన్న షరతులతో. ప్రోగ్రామర్ కోడ్ రాయకుండా చేసే పని ఏమిటో ఆ మెమో రాసినవాళ్లకే తెలియాలి.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఐదు రోజులు

ఆఫీసు వల్ల లాభమే లేదని వాదించేవాళ్లు కొత్తగా చేరినవాళ్లను మరిచిపోతున్నారు. 2020, 2021 బ్యాచ్‌ల పిల్లలకు ల్యాప్‌టాప్ కొరియర్‌లో వచ్చింది. టీమ్ లీడ్ ముఖం చూడకుండానే ఏడాది గడిచింది. పక్కన కూర్చున్న సీనియర్ 'ఇది ఇలా ఎందుకు రాశావు' అని అడిగే రెండు నిమిషాల మాట చాట్‌లో రాదు. ఒక పెద్ద అమెరికన్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పలైస్ చేసిన పరిశోధనలో, టీమ్ అంతా ఒకే భవనంలో ఉన్నప్పుడు జూనియర్ల కోడ్ మీద ఎక్కువ వ్యాఖ్యలు వచ్చినట్టు తేలింది. ఆ బోధన ఖర్చు సీనియర్ల నెత్తిన పడింది. వాళ్ల సొంత పని తగ్గింది. ఇది నిజమైన లాభం, నిజమైన ఖర్చు. తూకం వేసి చూడాల్సిన విషయం.

అలా తూకం వేసి చూసిన కంపెనీ ఒకటుంది. చైనా ట్రావెల్ సంస్థ ట్రిప్ డాట్ కామ్ 2021–22లో 1,612 మంది ఉద్యోగులను లాటరీ తీసినట్టు రెండుగా విడదీసింది. సగం మంది వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు, మిగతా సగం మూడు రోజులు ఆఫీసుకు, రెండు రోజులు ఇంటి నుంచి. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం 2024లో నేచర్ పత్రికలో ప్రచురించిన ఫలితం: రెండేళ్లపాటు చూసినా పనితీరు మదింపుల్లో, ప్రమోషన్లలో తేడా లేదు, ఇంటి వెసులుబాటు ఉన్నవాళ్లలో మానేసేవాళ్లు మూడోవంతు తగ్గారు. మానేసేవాళ్లు తగ్గితే నియామకాల ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఆ కంపెనీ హైబ్రిడ్‌ను అందరికీ పెట్టేసింది. ఇక్కడే అసలు మెలిక. మానేసేవాళ్లు తగ్గడం అన్నది మనుషులు కావాల్సిన కంపెనీకి శుభవార్త. ఎక్కువైపోయారనుకునే కంపెనీకి అదే ఇబ్బంది.

నేర్పడమే ఉద్దేశమైతే ఉత్తర్వు వేరేలా ఉండేది. టీమ్ అంతా ఒకే రోజు వచ్చేలా చూసేవారు, జూనియర్ పక్కన సీనియర్‌కు సీటు వేసేవారు. వాస్తవంలో కొలిచేది స్వైప్‌ను. టీసీఎస్ విధానం 2024 ఏప్రిల్‌లో బయటికి వచ్చినప్పుడు అందులో ఉన్న పట్టిక ఇది: త్రైమాసికంలో హాజరు 60 శాతం లోపైతే వేరియబుల్ పే సున్నా, 60–75 మధ్య సగం, 75–85 మధ్య ముప్పావు, 85 దాటితేనే పూర్తి. సెలవులు పక్కనపెట్టి త్రైమాసికానికి 62 పనిరోజులు అనుకుందాం. తొమ్మిది రోజులు ఇంటి నుంచి చేస్తే గండం గట్టెక్కినట్టే. పదో రోజుతో హాజరు 84 శాతానికి దిగుతుంది, పావు వంతు పోతుంది. నెలాఖర్లో ఎక్సెల్ షీట్ తెరిచి రోజులు కూడుకునేవాళ్లు అందుకే కనిపిస్తారు. జ్వరం వచ్చిన పిల్లవాడు ఇంట్లో ఉన్నాడా, క్లయింట్ రిలీజ్ రాత్రంతా నడిచిందా అన్నది ఆ పట్టికకు అనవసరం.

మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా గంటకు పైగా వచ్చిన ఇంజినీర్ ఆఫీసులో చేసేదేమిటో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. అతని టీమ్‌లో ఇద్దరు పుణెలో, ఒకరు చెన్నైలో, మేనేజర్ బెంగళూరులో, క్లయింట్ టెక్సస్‌లో. హెడ్‌సెట్ పెట్టుకుని రోజంతా టీమ్స్ కాల్. మీటింగ్ రూమ్ దొరకదు కాబట్టి పక్క సీటువాడి కాల్ కూడా వినబడుతుంటుంది. సాయంత్రం ఆరున్నరకు క్యాబ్ ఎక్కి, ఇంటికొచ్చి, ఎనిమిదింటికి అమెరికాకు తెల్లవారాక మళ్లీ ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ఇంటి నుంచి పని రద్దయిందని ఎవరన్నారు? రాత్రి షిఫ్టుకు జరిగిందంతే. పగటి స్వైప్ మీద కన్నేసిన మెషీన్‌కు రాత్రి లాగిన్ పట్టదు. ఇలాంటి చోట పుట్టిన విద్యే కాఫీ బ్యాడ్జింగ్: వచ్చి, స్వైప్ చేసి, క్యాంటీన్‌లో కాఫీ తాగి, ట్రాఫిక్ పెరగకముందే ఇంటికి. దానికి విరుగుడుగా కంపెనీలు గంటలు లెక్కపెట్టడం మొదలుపెట్టాయి.

హైదరాబాద్ ఈ ఆటలో పెద్ద మైదానం. అమెజాన్ 2019 ఆగస్టులో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో తెరిచిన 15 వేల సీట్ల భవనం అప్పటికి ప్రపంచంలోనే ఆ కంపెనీకి అతిపెద్దది. మైక్రోసాఫ్ట్ ఇక్కడ 1998 నుంచీ ఉంది. ఇంత మంది వచ్చిపోయే ప్రాంతానికి మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోయింది, 2019 నవంబరు నుంచీ అక్కడే ఉంది. 2023 జులైలో కుండపోత వానలు కురిసినప్పుడు సైబరాబాద్ పోలీసులు కంపెనీలకు లాగౌట్ వేళలు పంచిపెట్టారు: ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఉన్న ఆఫీసులు మూడింటికి, బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపువి నాలుగున్నరకు, ఇలా. ట్రాఫిక్ ఎస్సై చెబితే కుదిరే వెసులుబాటు, ఉద్యోగి అడిగితే 'సంస్కృతి'కి అడ్డమవుతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈలోగా ఎదురు దిశలో మాట్లాడుతోంది. ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళలకు, పెద్దఎత్తున తెస్తామని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఊళ్లలో కో-వర్కింగ్ కేంద్రాలకు ఐటీ విధానంలో చోటిచ్చారు. రెండు నెలలకే విశాఖలో టీసీఎస్‌కు 99 పైసలకు 21.16 ఎకరాలు కేటాయించారు, 12 వేల ఉద్యోగాలు వస్తాయన్న అంచనాతో. జులైలో అదే కంపెనీ తీసేస్తామన్న సంఖ్యా 12 వేల చిల్లర కావడం కాకతాళీయమే. కో-వర్కింగ్ కేంద్రాలు కట్టడం ప్రభుత్వం చేతిలో ఉంది. అక్కడ కూర్చున్నవాడి హాజరును ఒప్పుకోవడం మాత్రం కంపెనీ దయ.

వచ్చినవాళ్లకు దక్కింది

మాట విని వచ్చినవాళ్లకు భద్రత దక్కిందా? 2025 జనవరి నుంచి అమెజాన్ ఉద్యోగులు ఐదు రోజులూ వచ్చారు. అక్టోబరులో 14 వేల మందిని, మరుసటి జనవరిలో 16 వేల మందిని తీసేస్తున్నట్టు కంపెనీ చెప్పింది. అక్టోబరు కోతలకు డబ్బు కారణం కాదు, ఇప్పటికైతే ఏఐ కూడా కాదు, సంస్కృతే కారణమన్నారు జస్సీ. అంతకు నాలుగు నెలల ముందు, ఏఐ వల్ల రాబోయే కొన్నేళ్లలో కార్పొరేట్ సిబ్బంది తగ్గుతారని రాసిందీ ఆయనే. టీసీఎస్‌లో ప్రధానంగా వేటు పడింది మధ్య, పై స్థాయి వాళ్ల మీద. రెండేళ్లుగా రోజూ స్వైప్ చేస్తూ వచ్చిన పదిహేనేళ్ల అనుభవజ్ఞులు వాళ్లు. మైక్రోసాఫ్ట్ 2025 మే, జులైల్లో కలిపి 15 వేల మందిని తగ్గించుకున్నాక సెప్టెంబరులో మూడు రోజుల హాజరు ప్రకటించింది, 2026 ఫిబ్రవరి ఆఖరుకు సియాటిల్ పరిసరాలతో మొదలుపెడతామని. ఒకచోట హాజరు ముందు, కోత తర్వాత. ఇంకోచోట కోత ముందు, హాజరు తర్వాత. వరుస మారినా జంట వీడదు.

టీసీఎస్ బెంచ్ నిబంధన ఈ జంటకు మన వైపు తోడయిన మూడోది. ఏడాదికి 225 రోజులు బిల్లబుల్‌గా, అంటే క్లయింట్‌కు బిల్లు వేసే పనిలో, ఉండాలి, బెంచ్ మీద ఉన్నన్నాళ్లూ ఆఫీసుకు రావాలి, ప్రాజెక్టు వెతుక్కునే బాధ్యతా ఉద్యోగిదే. విశాఖలో ఇల్లు కొనుక్కున్న టెస్టింగ్ లీడ్‌కు ఇండోర్‌లో ప్రాజెక్టు చూపిస్తే, కాదంటే రోజులు కరుగుతాయి, అవునంటే కుటుంబం రెండు ఊళ్లవుతుంది. మధ్యలో, ప్రాజెక్టులకు మనుషులను కేటాయించే ఆర్ఎంజీ విభాగం నుంచి ఫోన్లు. ముప్పై అయిదో రోజు దాటాక హెచ్ఆర్ గదికి పిలుపు వస్తే, బల్ల మీద ఉండేది సాధారణంగా తొలగింపు ఉత్తర్వు కాదు. రాజీనామా మెయిల్ పెట్టమన్న సలహా. పెడితే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తామంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో 'టెర్మినేటెడ్' అన్న ముద్ర పడితే ఇంకెక్కడా ఉద్యోగం రాదన్న భయంతో చాలామంది అక్కడికక్కడే పెట్టేస్తారు.

ఆ ఒక్క మెయిల్‌తో చట్టం దృష్టిలో మొత్తం మారిపోతుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 25ఎఫ్ సెక్షన్ ప్రకారం ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ని తీసేయాలంటే నెల నోటీసు లేదా నెల జీతం, సర్వీసులోని ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు జీతం ఇవ్వాల్సి ఉండేది, ప్రభుత్వానికి తెలియజేయాల్సి ఉండేది. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ 'కార్మికుడా' అన్నది కంపెనీల పాత వాదన. చట్టం చూసేది హోదా పేరును కాదు, చేసే పనిని. సాంకేతిక పని చేసేవాళ్లు ఆ నిర్వచనంలోకి వస్తారు, మేనేజర్ పని చేసేవాళ్లు రారు. కార్డు మీద మేనేజర్ అని ఉన్నంత మాత్రాన చేతి కింద ఎవరూ లేనివాడు మేనేజర్ అయిపోడు. పుణె కేంద్రంగా ఉన్న ఐటీ ఉద్యోగుల సంఘం నైటెస్, 2025లో ఇన్ఫోసిస్ మైసూరు ట్రైనీల తొలగింపు మీదా, టీసీఎస్ కోతల మీదా కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదులు పంపింది. కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల సంఘం కేఐటీయూ కూడా కదిలింది. లక్షల మంది పనిచేసే హైదరాబాద్‌లో ఆ స్థాయి సంఘం లేదు.

2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. 1947 చట్టం స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలో ఒక కొత్త ఏర్పాటుంది: తొలగించిన ప్రతి కార్మికుడికీ 15 రోజుల జీతానికి సమానమైన మొత్తాన్ని యజమాని పునఃశిక్షణ నిధికి కట్టాలి, అది 45 రోజుల్లో ఆ కార్మికుడి ఖాతాలో పడాలి. నెల నోటీసు, సర్వీసు పరిహారం ఎలాగూ ఉన్నాయి. హెచ్ఆర్ గదిలో రాజీనామా మెయిల్ పెట్టి వచ్చినవాడికి వీటిలో ఏదీ వర్తించదు.